గేటు మీద నాలుగు రంగులు

ఆ ఉదయం మాస్టారు చేయదలచుకున్న పని ఒక్కటే: ఏ పనీ చేయకపోవడం. కాఫీ కలుపుకోవాలి, తాగాలి, గ్లాసు కడిగి బోర్లించాలి, ఆపైన హాల్లోని పేముకుర్చీలో కూర్చుని మధ్యాహ్నం దాకా చదువుకోవాలి. కుర్చీని అంగుళం కూడా జరపకూడదు. కిటికీ తెర ఎంత మేర తొలగి ఉందో అంత మేరే ఉండాలి. మధ్యాహ్నం బస్సులో భార్య దిగేసరికి ఇల్లు ఇల్లంతా, ఆవిడ మొన్న వదిలి వెళ్ళిన క్షణంలో ఊపిరి బిగబట్టి ఆగిపోయినట్టు ఉండాలి. ఆ పైన వెనకగది తనది.

వెనకగది మీద ఆయన కోరిక ఈనాటిది కాదు. తూర్పు కిటికీ, దాని పక్కనే చిన్న స్నానాలగది, వీధి చప్పుడు వినబడని దూరం. చదువుకునే మనిషికి అంతకు మించిన స్వర్గం లేదు. కాకపోతే ఆ స్వర్గం నిండా సామాను: కోడు విరిగిన మంచాలు, ఊగని ఉయ్యాల, తాళం చెవులు పోయిన ట్రంకు పెట్టెలు. అవన్నీ భార్య పుట్టింటి వస్తువులని ఆయన నమ్మకం. పుట్టింటి వస్తువుల గురించి ఇల్లాలి ముందు మాట తూలేంత అజ్ఞానం ఆయనకు లేదు.

మొన్న అక్కగారింటికి బయలుదేరుతూ, సంచీ భుజాన వేసుకుని గుమ్మం దిగబోయిన భార్య తనంతట తానే ఆ ప్రస్తావన తెచ్చింది.

"ఏమండీ, ఆ వెనకగది మీకు చదువుకోడానికి కావాలి. అంతేగా?"

"ఇస్తే కాదంటానా?"

"అందులో ఉన్న సామానంతా ఎక్కడ పెడదామనో?"

మాస్టారు గేటు బయట ఆగి ఉన్న ఆటో వైపు చూశారు.

"సరే, ఓ పందెం. ఎల్లుండి మధ్యాహ్నానికి నేనొచ్చేసరికి ఈ ఇల్లు నేను వదిలిపెట్టినట్టే ఉంటే, ఆ గది మీదే. సామాను సంగతి నేను చూసుకుంటా. అలా కాకుండా, కిందటిసారిలా కొంపని సంత చేసిపెట్టారనుకోండి, హాల్లో ఉన్న మీ నిఘంటువులన్నీ అటకెక్కుతాయి. తర్వాత నన్ననొద్దు."

"కిందటిసారి జరిగింది ప్రమాదం."

"మీ చేతిమీదుగా జరిగేవన్నీ ప్రమాదాలేగా. ప్రమాదం కానిది ఒక్కటి చేసి చూపించండి, చూద్దాం."

తర్కశాస్త్రం బోధించి పదవీవిరమణ చేసిన మనిషికి ఆ వాక్యంలోని దోషం వెంటనే తెలిసింది. ఆటో కదిలి వెళ్ళిపోయింది కనుక చెప్పే వీలు లేకపోయింది.

ఇక్కడ ఆ కాలనీ గురించి కొంత చెప్పక తప్పదు. మాస్టారు నివాసుల సంఘానికి కార్యదర్శి. కాలనీ ముఖద్వారం దగ్గర ఒక నల్లబల్ల ఉంది. వానాకాలానికి ముందు డాబా గొట్టాల్లో ఆకులు తీసివేయవలెను, ఊరికి వెళ్ళేవారు నీటి మోటారు కట్టివేయవలెను, తడి చేతులతో స్విచ్చులు ముట్టరాదు వంటి హితవాక్యాలు రోజుకొకటి చొప్పున ఆయన దాని మీద గుండ్రని అక్షరాలతో రాస్తారు. కాలనీవాసులు వాటిని చదువుతారు, తలలాడిస్తారు, తడి చేతులతోనే స్విచ్చులు వేసుకుంటారు. ఆయనను ముందు 'సూచనల మాస్టారు' అనేవారు. పోనుపోను మాస్టారు మాత్రం మిగిలింది.

అయితే ఆయన జీవితకాలపు మహత్కార్యం నల్లబల్ల కాదు, గుడ్డల పద్ధతి. ఒకప్పుడు ఆ కాలనీలో పనివాళ్ళ కోసం జనం వీధుల వెంట పరుగెత్తేవారు, జనం కోసం పనివాళ్ళు ఇంటింటి గంటా మోగించేవారు. గంట మోగినప్పుడల్లా మాస్టారికి చదువుతున్న పుట జారిపోయేది. అందుకని ఆయన సుదీర్ఘంగా ఆలోచించి ఒక ఏర్పాటు చేశారు. వడ్రంగి కావలసినవారు గేటుకు పసుపు గుడ్డ కట్టాలి. ఎలక్ట్రీషియన్‌కు నీలం, ప్లంబర్‌కు ఎరుపు, పాత సామాన్లవాడికి నలుపు. లోపల, బాగుచేయవలసిన వస్తువు మీద కూడా అదే రంగు గుడ్డ ఒకటి వేసి ఉంచాలి. పనివాడు గంట మోగించకూడదు, కేక వేయకూడదు, కబుర్లాడకూడదు. పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళి, గుడ్డ ఉన్న చోట పని చేసి, గుడ్డ మడతపెట్టి అప్పగించి వెళ్ళిపోవాలి. నోటిమాట మీద ఎవరూ ఎవరింటికీ రాకూడదు.

పద్ధతి అద్భుతంగా నడిచింది. కాలనీలో దాన్ని పాటించని ఇల్లు ఒక్కటే ఉండేది, అది మాస్టారిదే. "దేవుడు నోరిచ్చింది దేనికి? గేటుకి గుడ్డలు వేలాడేసుకోడానికా?" అని వారి ఇల్లాలు నోటిమాటతోనే పనివాళ్ళను పిలిచేది. పనివాళ్ళు నియమం ప్రకారం వచ్చేవారు కారు.

ఆ ఉదయం ప్రణాళిక ప్రకారమే మొదలైంది. మాస్టారు కాఫీ కలుపుకున్నారు. హాల్లో తాగితే మరక పడుతుందేమోనన్న ముందుజాగ్రత్తతో పడకగదిలోకి వెళ్ళి, దిండును ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పుస్తకం పెట్టుకుని, పుస్తకం పక్కన గ్లాసు పెట్టుకున్నారు. పుట తిప్పారు. అంతే. కాఫీ ముందు దిండు పసుపుపచ్చ గలీబు మీదికి, అక్కడి నుంచి నీలం దుప్పటి మీదికి నింపాదిగా పాకింది. ఆయన గభాలున ఎర్ర తువ్వాలు అందుకుని తుడిచారు. కారుతున్న తువ్వాలును కుర్చీ మీదికి విసిరారు. కుర్చీకి ఆయన కాలేజీ రోజులనాటి నల్లకోటు తగిలించి ఉంది.

మామూలు మనిషైతే ఆ నాలుగింటినీ ఉతికి ఊరుకునేవాడు. మాస్టారు మామూలు మనిషి కారు. ఉతికిన గలీబు పక్కన ఉతకని గలీబు ఉంటే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. భార్య కంటికి అది వీధి చివరి నుంచే కనబడుతుంది. జతలో ఒకటి ఉతికితే రెండోది సాక్ష్యం చెబుతుంది. కనుక రెండు గలీబులూ, రెండు మంచాల దుప్పట్లూ, రెండు తువ్వాళ్ళూ, కోటుతో పాటు నల్లప్యాంటూ, అన్నీ ఉతికారు. పెరట్లో దండెం మీద వేశారు. తడి దుప్పట్ల బరువుకు దండెం పుటుక్కున తెగింది.

ఇంట్లో ఆరవేద్దామంటే ముందుగదులు ముట్టుకోరాదు. మిగిలింది వెనకగది. ఎండ ధారాళంగా పడే గది. నేలను ఒరుసుకుంటూ సగమే తెరుచుకునే ఆ గది తలుపు మీద పసుపు గలీబు వేశారు. పైకప్పు కొక్కెం నుంచి కిటికీ ఊచ దాకా నీలం దుప్పటి కట్టారు. స్నానాలగదిలో ఏనాడో నీళ్ళు మానేసిన కుళాయికి ఎర్ర తువ్వాలు తగిలించారు. సామాను గుట్ట మీద నల్లకోటును చేతులు బార్లా చాపి పరిచారు. జతలో మిగిలిన రెండోవాటికి చోటు చాలలేదు. వాటిని తీసుకువెళ్ళి వీధి గేటు మీద, ఎండ సూటిగా పడే చోట, ఒక దాని పక్కన ఒకటి వేశారు. పసుపు, నీలం, ఎరుపు, నలుపు. వరస చూసి ఆయనకు ముచ్చట వేసింది కూడా.

నియమాలు తమకు కూడా వర్తిస్తాయన్న ఊహ నియమాలు రాసేవారికి సాధారణంగా కలగదు.

ఆయన వచ్చి పేముకుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచిన కొంతసేపటికి, వెనకవైపు నుంచి గరగరమని శబ్దం వచ్చింది. ఎలుక అనుకున్నారు. ఎలుక దగ్గింది. అప్పుడు లేచి వెళ్ళి చూశారు. వడ్రంగి వెనకగది తలుపును బందుల నుంచి ఊడదీసి, గోడకు ఆనించి, అడుగు అంచును చిత్రిక పడుతున్నాడు. గలీబు చక్కగా మడతపెట్టి గూట్లో ఉంది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు మాస్టారు.

"తలుపండీ."

"తలుపని తెలుసు. ఎవరు రమ్మన్నారు?"

వడ్రంగి ఆయన వైపు జాలిగా చూశాడు. "గేటుకి గుడ్డ ఉంది, తలుపు మీద గుడ్డ ఉంది. ఇంకెవరు రమ్మనాలండీ? అయినా కబుర్లాడకూడదని తమరేగా రాశారు."

గేటుకు గుడ్డ! ఈ ఇంట్లో! అంటే భార్య వెళ్ళేముందు కట్టి వెళ్ళిందన్నమాట. ఇన్నేళ్ళూ వెక్కిరించిన మనిషి, చివరికి తన పద్ధతిని అంగీకరించిందన్నమాట. ఆ ఊహ ఆయన గుండెను ఎంతగా కరిగించిందంటే, గేటు దాకా వెళ్ళి చూడాలన్న ఆలోచన ఆ కరిగిన దానిలో కొట్టుకుపోయింది. అయినా నిర్ధారణ లేనిదే నిర్ణయానికి రాకూడదు కదా. ఫోన్ చేశారు. అవతల బస్సు హోరు.

"ఏమోయ్, వడ్రంగిని రమ్మన్నావా?"

"రమ్మనడమా! ఆర్నెల్లయింది చెప్పి. ఇప్పటికి తీరిందా మహానుభావుడికి? చూడండి, వచ్చినవాణ్ణి సగంలో పంపించేయకండి. అసలే…"

బస్సు ఏ లోయలోకి దిగిందో, మాట తెగిపోయింది.

సరే, అదీ సంగతి. అయితే ఇల్లు వదిలిపెట్టినట్టే ఉండాలన్న షరతు మాటేమిటి? మాస్టారు గోడకు చేరగిలబడి ఆలోచించారు. ఆవిడ స్వయంగా ఆజ్ఞాపించిన మార్పు ఆవిడ వదిలి వెళ్ళిన ఇంట్లో భాగమే అవుతుంది. కనుక తలుపు బాగుపడటం మార్పు కాదు. పైగా తలుపు బాగుపడకపోతేనే అది మార్పు. వాదం బిగువుగా ఉంది. ఆయన తృప్తిగా కుర్చీకి తిరిగి వచ్చారు.

ఈసారి తలెత్తేసరికి ఎలక్ట్రీషియన్ నిచ్చెన భుజాన వేసుకుని హాల్లోంచి పోతున్నాడు. రెండో చేతిలో, ఏడాదిగా బీరువా పక్కన అట్టపెట్టెలో పడి ఉన్న కొత్త ఫ్యాను ఉంది.

"అది ఎక్కడికి?"

"కొక్కేనికి దుప్పటి కట్టారు కదండీ. కొక్కేనికి ఫ్యాను కాకపోతే ఇంకేం తగిలిస్తాం?" అన్నాడతను, నడక ఆపకుండానే.

మాస్టారికి ఏమీ పాలుపోలేదు. సామాను గదికి ఫ్యాను ఎందుకు? విరిగిన మంచాలకు చెమట పడుతుందా? ఆయన వెనకే వెళ్ళబోయారు. స్నానాలగదిలో ఎవరో గొట్టం మీద ఠంగుఠంగుమని కొడుతున్నారు. తొంగి చూస్తే ప్లంబర్ నడుము దాకా గోడలో దూరి ఉన్నాడు.

"నిన్ను కూడానా?" అన్నారు మాస్టారు నీరసంగా.

"ఎర్రగుడ్డండీ," అంది గోడ.

చూస్తుండగానే కుళాయి రెండుసార్లు తుమ్మి, తుప్పునీళ్ళు కక్కి, చివరకు తెల్లటి ధార వదిలింది. అదే సమయానికి ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. ఆ కొత్త గాలిలో నిలబడిన మాస్టారికి ఒళ్ళు ఝల్లుమంది. గాలి, నీరు, తలుపు. ఇది చదువుకునే గది కాక మరేమిటి? భార్య ముందే నిర్ణయం చేసుకుని, ఆయన ఆశ్చర్యపోవాలని ఏర్పాట్లన్నీ చేసి వెళ్ళింది. మరి అలాంటప్పుడు పందెం ఎందుకు పెట్టినట్టు? ఎదురుగా తిరుగుతున్నది బహుమానమా, పరీక్షా? బహుమానమైతే సంతోషించాలి. పరీక్షైతే ఆపించాలి. సంతోషిస్తూ ఆపించడానికి వీల్లేదు, ఆపిస్తూ సంతోషించడానికీ వీల్లేదు. నలభై ఏళ్ళ తర్కం ఆయనను నడిగదిలో వదిలేసి తన దారిన తాను పోయింది.

అప్పుడు బాగుపడిన ఆ తలుపులోంచి, కాళ్ళు ముందుగా, ఒక మంచం బయటకు నడిచింది. దాని వెనక పాత సామాన్లవాడు.

"ఆగాగు! ఆగవయ్యా బాబూ! ఇవి ముట్టుకోవద్దు. ఇవి… ఇవి మా ఆవిడ పుట్టింటివి!"

"మీ అత్తగారివైనా, మా అత్తగారివైనా, నల్లగుడ్డ వేశాక నాకు ఒకటేనండీ. వేసి మళ్ళీ వద్దంటే ఎట్లా? తెల్లారి నుంచీ నాకిదే మొదటి బేరం."

మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. అందలేదు. మంచం సందు మలుపు తిరిగింది. రెండో మంచం లేచింది. ఆయన గుమ్మంలో నిలబడి ఉండగా, చీకట్లో దీపం వెలిగినట్టు భార్య మాట ఒకటి గుర్తుకొచ్చింది. 'సామాను సంగతి నేను చూసుకుంటా.' ఆహా! చూసుకోవడం అంటే ఇదే కదా! ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఉయ్యాల పోయేటప్పుడు ఒక చెయ్యి కూడా వేశారు.

గది ఖాళీ అయింది. ఆయన పుట్టి బుద్ధెరిగాక అంత ఖాళీ ఎక్కడా చూడలేదు. పాత సామాన్లవాడు చివరిసారిగా వచ్చి, మడతపెట్టిన నల్లకోటు ఆయన చేతిలో పెట్టాడు.

"ఇదిగోండి మీ గుడ్డ. ఇంకా తడిగానే ఉంది, చూసుకోండి."

మాస్టారు కోటు వైపు చూశారు. మొన్న వెళ్ళిన భార్య, ఈ ఉదయం తడిసిన కోటును సామాను మీద ఎలా వేసి ఉంటుంది? బుర్రలో ఏదో ఒక మూల తళుక్కుమంది. దాన్ని పట్టుకోబోతున్నంతలో హాల్లోంచి పెద్ద గొంతు వినబడింది.

"మాస్టారూ! ఎంత మాట! నాతో ఒక్క ముక్కైనా అనకుండా!"

ఆ గొంతు సంఘం ఉపాధ్యక్షుడిది. బీమా సంస్థలో పెద్ద ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. కార్యదర్శి పదవి మీద, ముఖ్యంగా ఆ నల్లబల్ల మీద ఆయనకు చిరకాలంగా మక్కువ. ఎదురింటి వరండాలో కూర్చుని ఒకే గేటుకు నాలుగు రంగులూ, ఆ తర్వాత బండి నిండా మంచాలూ చూశారు. ఇల్లు ఖాళీ చేసేవారు తప్ప ఇంకెవరు నలుగురినీ ఒక్కరోజే పిలుస్తారు?

"ఏమిటండీ?" అన్నారు మాస్టారు, కోటును గుండెకు హత్తుకుని.

"దాచకండి, అంతా కళ్ళారా చూశాను. ప్రయాణం ఎప్పుడు?"

భార్య ప్రయాణం ఈయనకెందుకో మాస్టారికి అర్థం కాలేదు. "మధ్యాహ్నం బస్సండీ."

"ఇవాళేనా!" ఉపాధ్యక్షుడు గారు ముఖంలోకి దుఃఖాన్ని రప్పించడానికి శాయశక్తులా ప్రయత్నించారు. అది కనుబొమల దాకా వచ్చి ఆగిపోయింది. "మనకి ఎన్ని మాటపట్టింపులున్నా, మీలాంటి మనిషి మళ్ళీ దొరకరు మాస్టారూ. ఆ నల్లబల్ల గురించి మీరేం బెంగపెట్టుకోవద్దు. ఇక నేను చూసుకుంటాను. ఆ సుద్దముక్కల పెట్టె ఇలా ఇచ్చేయండి."

ఈ గందరగోళంలో ఆనాటి సూచన రాయడం మరిచిపోయానన్న సంగతి మాస్టారికి అప్పుడు తట్టింది. గమనించి సాయం చేయడానికి వచ్చిన ఆ సహృదయానికి ఆయన కళ్ళు చెమర్చాయి. పెట్టె తెచ్చి ఇచ్చారు. ఉపాధ్యక్షుడు గారు దాన్ని రెండు చేతులా అందుకుని, ఆయనను గాఢంగా కౌగిలించుకుని, చకచకా వెళ్ళిపోయారు. కౌగిలింత ఎందుకో కూడా మాస్టారికి అర్థం కాలేదు. ఆ రోజు అర్థంకాని వాటి వరసలో దాన్ని చేర్చి, ఆయన కుర్చీలో కూలబడి, పుస్తకం తెరిచి, ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదవసాగారు.

ఆ వాక్యం ఇంకా పూర్తి కాకముందే వీధిలో ఆటో ఆగింది. ఆ వెంటనే శోకం వినబడింది. అది తనకు బాగా తెలిసిన గొంతు. మాస్టారు లేచేలోగా భార్య చెప్పులతోనే హాల్లోకి దూసుకొచ్చింది. ఆయనను చూసి గోడ పట్టుకుంది.

"ఉన్నారా!"

"ఎక్కడికి పోతాను?"

ఆవిడ నేల మీద చతికిలబడింది. చెంగుతో ముఖం తుడుచుకుంటూ, మధ్యమధ్యలో ఆయన కాలి బొటనవేలు తాకి చూసుకుంటూ, "బోర్డు మీద రాశారండీ… మీరు… ఇక…" అంటూ ఏడ్చింది. ఆవిడ వెనకే చిన్న చేతిసంచీతో లోపలికి వచ్చిన అక్కగారు మిగతాది పూర్తి చేసింది.

"మన ప్రియతమ కార్యదర్శి గారు ఇక మన మధ్య ఉండరు, వారి సూచనలు చిరస్మరణీయం, సాయంత్రం అందరూ వారింటికి రాగలరు అని ఇంతింత అక్షరాలతో రాసి పెట్టారయ్యా మరిదీ! అక్కణ్ణుంచి ఇక్కడిదాకా నేనూ సగం ఏడ్చేశాను. మిగతా సగం ఇంట్లో ఏడుద్దామని ఆపుకున్నాను. తీరా చూస్తే నువ్వు కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుతున్నావ్."

"క్షమించాలి వదినగారూ," అన్నారు మాస్టారు.

భార్య తేరుకున్నాక మొదటగా చేసిన పని ఇల్లు చూడటం. కుర్చీ కదలలేదు. తెర ఎంత తొలగి ఉందో అంతే ఉంది. నిఘంటువులు తమ స్థానాల్లో కొలువుదీరి ఉన్నాయి. మాస్టారు సగర్వంగా ఆవిడను అనుసరించారు. వెనకగది గుమ్మం దగ్గర ఆవిడ ఆగిపోయింది. తలుపు ఒక్క వేలితో తోస్తే తెరుచుకుంది. ఫ్యాను గాలి ముఖాన తగిలింది. ఖాళీ నేల తళతళలాడింది.

"ఏమండీ… ఏమిటిది?"

"అంతా నువ్వు చెప్పినట్టే జరిగింది. ఒక్కరినీ సగంలో పంపలేదు."

"నేనేం చెప్పాను?"

"అదే, గేటుకి కట్టి వెళ్ళిన గుడ్డలు…"

"నేనా? గుడ్డలా? నా జన్మలో కట్టానా?"

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళింది. మాస్టారు మొట్టమొదటిసారిగా తన గేటును పనివాడి వైపు నుంచి చూశారు. పసుపుపచ్చ గలీబు. నీలం దుప్పటి. ఎర్ర తువ్వాలు. చివరన రెండు కాళ్ళూ వేలాడేసుకుని తన నల్లప్యాంటు. ఉదయం నుంచి జరిగిందంతా ఒక్కొక్కటిగా వచ్చి దాని దాని చోట కూర్చుంది. ఎదురుగా, సందు చివర, మిగతా వీధులు కూడా చుట్టి వచ్చిన మంచాల బండి మలుపు తిరుగుతోంది.

"ఆ సామాను కూడా ఇచ్చేశారా?" అంది భార్య, చాలా మెల్లగా.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"మీ నాన్నగారి వస్తువులు, ప్రాణంగా చూసుకుంటున్నారని నేను ఇన్నేళ్ళూ నోరెత్తలేదు. నాకోసం వదిలేసుకున్నారా?"

మాస్టారు కళ్ళు తెరిచారు. "మా నాన్నవా? అవి మీ పుట్టింటివి కదూ?"

"మా పుట్టింట్లో విరిగిన ఉయ్యాల ఎక్కడిది మరిదీ?" అంది వెనక నుంచి వదినగారు. "మేమందరం చీర జోలెలో పెరిగినవాళ్ళమే."

ముగ్గురూ సందు చివరకు చూశారు. బండి కనుమరుగైంది. ఎవరి సామానుకు తాము అన్నేళ్ళు కాపలా కాశారో ఆ దంపతులకు ఇక ఎన్నటికీ తెలియబోదు.

వదినగారు లోపలికి వెళ్ళింది. ఆవిడ ఫ్యాను వేగం పెంచిన చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు, కిటికీ రెక్కలు తీసిన చప్పుడు వరసగా వినిపించాయి. తిరిగి వచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"నేనొస్తున్నానని తెలిసి ఇంత హడావిడి చేయించావా మరిదీ? నా కోసమేనా ఆ గది?"

మాస్టారు ముందు రెండు దారులున్నాయి. ఒకటి నిజం. అంటే కాఫీ, గలీబు, దండెం, ప్యాంటు, అన్నీ వీధిలో నిలబడి ఏకరువు పెట్టాలి. గుడ్డల పద్ధతిని కనిపెట్టిన మనిషి తానే దానిలో పడ్డాడని ఎదురింటి వరండా దాకా వినబడాలి. రెండోది ఒక్క చిన్న మాట. అతిథి ముఖంలో ఆనందం, భార్య కళ్ళలో ఇంకా ఆరని తడి ఆ చిన్న మాట వైపే మొగ్గాయి.

"అవునండీ వదినగారూ," అన్నారు ఆయన.

సాయంత్రం కాలనీ సగం వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. వెళ్ళేవారెవరూ లేరని తెలిసి కొందరు సంతోషించారు, కొందరు సంతోషించినట్టు కనబడ్డారు. ఉపాధ్యక్షుడు గారు సుద్దముక్కల పెట్టెను వెనక్కి ఇచ్చేటప్పుడు ఆయన వేళ్ళు దాన్ని వదలడానికి కాస్త సమయం తీసుకున్నాయి. అయితే, తయారుచేసుకున్న ప్రసంగం పాడైపోతుందని, అక్కడక్కడా క్రియలు మార్చి, దాన్ని వదినగారికి స్వాగతోపన్యాసంగా చదివి వెళ్ళారు. వదినగారు చప్పట్లు కొట్టింది. తర్వాత వెనకగది కిటికీ పక్కన నిలబడి కొడుకుకు ఫోన్ చేసి, మిగతా పెట్టెలు కూడా పంపించమని, తొందరేమీ లేదని, వానాకాలం దాటాకే వస్తానని చెప్పింది.

అందరూ వెళ్ళాక, ఉతికిన గలీబులు దిండ్లకు తొడుగుతూ భార్య గొంతు తగ్గించి అడిగింది.

"కాఫీ దేనిమీద ఒలికింది?"

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "నీకెలా తెలుసు?"

"ఒకటి మరకైతే రెండూ ఉతికే మనిషి లోకంలో ఇంకెవరున్నారు? గేటు దగ్గరే తెలిసింది."

"మరి అప్పుడే అనలేదేం?"

"మీరే చెబుతారేమోనని చూశా." ఆవిడ గలీబు అంచు సరిచేసింది. "పందెం గిందెం ఏమీ లేదు, ఆ గది మీకే ఇచ్చేద్దామని బస్సులోనే అనుకున్నాను. అక్కతో కూడా చెప్పాను, మా ఇంట్లో ఖాళీ లేదు, రెండురోజులుండి వెళ్దువుగానీ అని. సరేనంది. సంచీ కూడా అంతే తెచ్చుకుంది. తీరా మీరు అంత ముచ్చటగా తయారుచేయించి, అవునండీ వదినగారూ అంటే, ఇక నేనేం చేసేదండీ?"

మాస్టారు చాలాసేపు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నారు. వెనకగదిలో ఫ్యాను హాయిగా తిరుగుతున్న చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది.

మర్నాడు ఉదయం ఆయన అందరికంటే ముందే లేచి, సుద్దముక్కల పెట్టె పుచ్చుకుని, కాలనీ ముఖద్వారం దగ్గరికి వెళ్ళారు. ఉపాధ్యక్షుడి అక్షరాలను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ఎన్నడూ లేనంత గుండ్రంగా కొత్త సూచన రాశారు: 'నివాసులు ఉతికిన బట్టలను గేటు మీద ఆరవేయరాదు. ఈ నియమానికి కారణం కార్యదర్శిని అడగరాదు.' రెండడుగులు వెనక్కి వేసి, చదువుకుని, తృప్తిపడి ఇంటి దారి పట్టారు.

ఆయన ఇల్లు చేరేసరికి గేటు మీద వదినగారి ఎర్రచీర ఆరుతోంది, ప్లంబర్ సైకిలు గోడకు ఆనించి ఉంది.